భారత్–పాకిస్తాన్ అణు ఒప్పందాలు: ఉత్తరాంధ్ర తీరం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అణుప్రమాదాన్ని తగ్గించుకోవడానికి భారత్, పాకిస్తాన్‌లు 1988 నుంచి కుదుర్చుకున్న ఒప్పందాలు ప్రధానంగా భూమిపై ఉన్న కేంద్రాలను, ముందుగా తెలియజేయదగిన పరీక్షలను దృష్టిలో పెట్టుకొని రూపొందాయి. అణునిరోధం సముద్రగర్భానికి విస్తరించిన తరువాత అవి ఎంతవరకు సరిపోతాయన్న ప్రశ్నను ఉత్తరాంధ్ర తీరం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అణునిరోధం, నిరాయుధీకరణ, జలాంతర్గామి, విశాఖపట్నం, కొవ్వాడ, లాహోర్ అవగాహన పత్రం.

1. ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లా రామతీర్థానికి నైరుతి దిశలో విశాఖపట్నం, తూర్పున శ్రీకాకుళం జిల్లా తీరంలో కొవ్వాడ ఉన్నాయి. విశాఖ అణుశక్తితో నడిచే జలాంతర్గాముల నిర్మాణ స్థలం. కొవ్వాడ 6 రియాక్టర్ల అణువిద్యుత్ కేంద్రానికి ప్రతిపాదిత స్థలం. పొరుగుదేశంతో సంబంధం దృష్ట్యా ఈ రెండింటి స్థితి పరస్పర విరుద్ధమైనది. అణువిద్యుత్ కేంద్రం ఎక్కడుందో తెలియజేయడం దాని రక్షణలో భాగం. జలాంతర్గామి ఎక్కడుందో తెలియనివ్వకపోవడమే దాని బలం. ఈ రెండు తర్కాల మధ్య దూరమే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2. అణునిరోధం: సముద్రం వైపు ప్రయాణం

దాడి చేస్తే భరించలేనంత ప్రతీకారం తప్పదన్న నమ్మకాన్ని ప్రత్యర్థిలో కలిగించి, దాడినే నివారించడాన్ని అణునిరోధం అంటారు. 1998 మే 11, 13 తేదీలలో భారత్, అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపాయి. అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమన్న విధానాన్ని భారత్ 2003 జనవరి 4న అధికారికంగా ప్రకటించింది. పాకిస్తాన్ అటువంటి హామీ ఇవ్వలేదు.

ముందుగా ప్రయోగించనన్న దేశానికి, శత్రువు తొలిదాడి తరువాత కూడా మిగిలే ఆయుధం అవసరం. సముద్రగర్భంలో తిరిగే జలాంతర్గామి ఆ అవసరాన్ని తీరుస్తుంది. విశాఖలో ఐ.ఎన్.ఎస్. అరిహంత్ 2009 జూలై 26న జలప్రవేశం చేసింది. దాని తొలి నిరోధక గస్తీ పూర్తయినట్లు 2018 నవంబరు 5న ప్రధానమంత్రి ప్రకటించారు. రెండవదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. పాకిస్తాన్ 2017 జనవరిలో జలాంతర్గామి నుంచి ప్రయోగించే బాబర్-3 క్రూయిజ్ క్షిపణిని పరీక్షించినట్లు ప్రకటించింది.

3. భూమిపై కుదిరిన నియమాలు

1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో, 2010 నాటికి అణ్వాయుధరహిత ప్రపంచాన్ని సాధించే కార్యాచరణ ప్రణాళికను ప్రతిపాదించారు. ఆ మహాలక్ష్యం నెరవేరలేదు. అదే ఏడాది డిసెంబరు 31న పాకిస్తాన్‌తో కుదిరిన చిన్న ఒప్పందం మాత్రం నిలిచింది. పరస్పరం అణుకేంద్రాలపై దాడి చేయరాదన్న ఆ ఒప్పందం 1991 జనవరి 27న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఉభయ దేశాలు తమ అణుకేంద్రాల జాబితాను అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రతి జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఈ ప్రక్రియ 1999 కార్గిల్ యుద్ధం తరువాతా, 2019 బాలాకోట్ ఘటన తరువాతా ఆగలేదు. విద్యుత్ రియాక్టర్లు ఒప్పంద నిర్వచనంలో ఉన్నాయి కనుక, నిర్మాణం జరిగితే కొవ్వాడ కూడా దాని పరిధిలోకి వస్తుంది.

2005 అక్టోబరు ఒప్పందం బాలిస్టిక్ క్షిపణి పరీక్షను కనీసం 3 రోజుల ముందు తెలియజేయాలని నిర్దేశిస్తుంది. 2007 ఫిబ్రవరి ఒప్పందం అణ్వాయుధ ప్రమాదాల సమాచారానికి సంబంధించినది. క్రూయిజ్ క్షిపణులు ముందస్తు సమాచార నియమంలో లేవు. 2022 మార్చి 9న పొరపాటున భారత్ నుంచి వెలువడి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ వద్ద పడినది క్రూయిజ్ రకానికి చెందిన బ్రహ్మోస్ కావడం గమనార్హం.

4. సముద్రంలో మిగిలిన లోటు

1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ సమీపంలో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడివల్ల మునిగిందని భారత్, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడువల్లనని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. సముద్రగర్భంలో జరిగినదానిపై అర్ధశతాబ్దం గడిచినా ఏకాభిప్రాయం లేదు. అణ్వాయుధాలున్న నౌక విషయంలో ఇటువంటి సందిగ్ధత ఏర్పడితే నిర్ణయానికి గంటలే మిగులుతాయి. పైగా భూమిపై వార్‌హెడ్‌ను క్షిపణి నుంచి విడిగా భద్రపరచవచ్చు. గస్తీలో ఉన్న జలాంతర్గామిలో ఆ విరామానికి అవకాశం తక్కువ.

సముద్రానికి నియమాలు బొత్తిగా లేవనడం సరికాదు. అంతర్జాతీయ జలాలలో ఇరుదేశాల యుద్ధనౌకలు, జలాంతర్గాములు 3 నాటికల్ మైళ్ల కంటే దగ్గరకు రారాదని 1991 ఏప్రిల్ ఒప్పందం పేర్కొంది. అయితే ఎదుటి జలాంతర్గామి ఉనికే తెలియనప్పుడు దూరాన్ని పాటించడం కష్టం. 1999 ఫిబ్రవరి 21 నాటి లాహోర్ అవగాహన పత్రం సముద్రంపై ఘటనల నివారణకు ప్రత్యేక ఒప్పందం చేసుకోవాలని సంకల్పించింది. కొద్ది నెలలకే కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆ ఒప్పందం ఇప్పటికీ కుదరలేదు.

జలాంతర్గామి రహస్యాన్ని బయటపెట్టే ఒప్పందం సాధ్యం కాదన్న అభ్యంతరం సహేతుకమే. కాని ఒప్పందానికి ఆ రహస్యం అవసరం లేదు. 1972 మే 25న అమెరికా, సోవియట్ యూనియన్‌లు ఇటువంటి ఒప్పందంపై సంతకం చేశాయి. అది యుద్ధనౌకలు, విమానాలు ఎదురుపడినప్పుడు పాటించవలసిన ప్రవర్తనను, సంకేతాలను నిర్ణయించిందే తప్ప, జలాంతర్గాములు ఎక్కడున్నాయో వెల్లడించమని కోరలేదు.

5. ముగింపు

• నిరాయుధీకరణ సుదూర లక్ష్యంగా ఉన్నప్పుడు కూడా పరిమిత ఒప్పందాలు నిలబడగలవని 1988 అనుభవం చూపుతుంది.

• ఆ ఒప్పందాల తర్కం స్థిరమైన చిరునామాపై ఆధారపడింది. చిరునామా లేని జలాంతర్గామికి స్థలసమాచారం బదులు ప్రవర్తనా నియమాలు కావాలి.

• లాహోర్‌లో సంకల్పించిన సముద్ర ఒప్పందం, ముందస్తు సమాచార నియమాన్ని క్రూయిజ్ క్షిపణులకు విస్తరించడం ఈ దిశలో చేయదగిన తొలి పనులు.

• ఈ నియమాలు లేని సముద్రంలోనే ఉత్తరాంధ్ర మత్స్యకారులు రోజూ వేటకు వెళుతున్నారు. కనుక ఇది ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల వ్యవహారం మాత్రమే కాదు. ఈ తీరప్రాంత పరిశోధకులు అధ్యయనం చేయవలసిన ప్రాంతీయాంశం కూడా.