రోడ్డులో సైకిల్ వాటా

పట్టణంలో మనిషి రోజూ తిరిగే దూరం చాలావరకు నాలుగైదు కిలోమీటర్లు దాటదు. బడి, బజారు, పని, ఆస్పత్రి అన్నీ ఆ లోపే ఉంటాయి. నడిస్తే గంట పట్టే ఈ దూరాన్ని సైకిల్ మీద తాపీగా తొక్కుకుంటూ పోయినా ఇరవై నిమిషాల్లో చేరవచ్చు. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, నిలుపుకోవడానికి మూరెడు చోటు చాలు.

కర్నూలు పక్కనున్న కల్లూరు ఇలాంటి దూరాల ఊరు. హంద్రీ నదికి ఒక వైపు కొండారెడ్డి బురుజు, పాత బజార్లు. మరో వైపు కల్లూరు. ఒకప్పుడు విడి ఊరు, ఇప్పుడు కర్నూలు నగరపాలక సంస్థలో భాగం. కల్లూరు పారిశ్రామిక ఎస్టేట్ షెడ్లలో పనిచేసేవాళ్లకూ, నగరంలో చదివే పిల్లలకూ హంద్రీ దాటి రావడం, పోవడం నిత్యం ఉన్నదే. నేల కూడా పెద్ద ఎత్తుపల్లాలు లేనిది. సైకిల్‌కు ఇంతకన్నా అనువైన చోటు అరుదు. చిక్కంతా రోడ్డుతోనే. హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి, కడప వైపు పోయే 40వ నంబరు రహదారి, ఊళ్లో తిరిగే ఆటోలు, బస్సులు అన్నీ ఇక్కడే కలుస్తాయి.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. మోటారు ద్విచక్ర వాహనం ఉన్నవి 21 శాతమే. ఆ తర్వాత మోటార్ సైకిళ్లు విపరీతంగా పెరిగినా, సైకిల్ మాయం కాలేదు. తెల్లవారుజామున పాలు పోసేవాళ్లు, పేపరు వేసే కుర్రాళ్లు, హ్యాండిల్‌కు సద్ది క్యారియరు తగిలించుకుని బేల్దారి పనికి పోయేవాళ్లు, హైస్కూలు పిల్లలు ఇంకా దాన్నే నమ్ముకున్నారు. ప్రభుత్వ బడుల్లో 9వ తరగతి ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు పంచింది కూడా బడి మానకుండా ఉంటారనే.

ఏ సైకిల్ ఎవరికి

నేటి సైకిల్ రూపం 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన ‘రోవర్’ది. రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైను వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి దానితోనే స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చి కుదుపులు తగ్గించింది. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లలోపే మద్రాసులో టీఐ సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, లూధియానాలో హీరో కంపెనీలు మొదలయ్యాయి.

పెద్దవాళ్లు తొక్కే నల్ల సైకిల్‌కు 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, గట్టి క్యారియరు ఉంటాయి. బరువు ఎక్కువే గానీ, బియ్యం మూట వేసినా, పాలక్యాన్లు రెండు పక్కలా వేలాడదీసినా తొణకదు. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క తొక్కుడుకు సుమారు ఐదున్నర మీటర్లు. చదును రోడ్డుకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది.

పిల్లలు ముచ్చటపడే లావు టైర్ల గేరు సైకిళ్లు గుంతల్లో బాగుంటాయి. తారు రోడ్డు మీద మాత్రం ఆ లావు టైరే బరువై కాళ్లు లాగుతాయి. వీటిలో చాలా వాటికి మడ్‌గార్డు, క్యారియరు, స్టాండు విడిగా కొనుక్కోవాలి. ఇక బ్యాటరీ సైకిల్ విషయంలో చట్టం ఒక గీత గీసింది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. అది దాటితే మోటారు వాహనం కిందే లెక్క.

ఏది కొన్నా సీటు ఎత్తు చూసుకోవాలి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ల మీద భారం పడుతుంది. పెరుగుతాడులే అని పిల్లలకు పెద్ద సైకిల్ కొనిపెట్టడం మన ఇళ్లలో అలవాటు. కాలు నేలకు అందని పిల్లాడు ట్రాఫిక్‌లో ఆగలేడు. ఆగలేనివాడు పడతాడు.

పంచరు సంగతి

సీమ నేలలో సైకిల్‌కు మొదటి శత్రువు ముల్లు. రోడ్డు పక్క కంపచెట్ల ముళ్లు ఒక ఎత్తయితే, మట్టిదారి పక్కన పాకే పల్లేరు ఇంకో ఎత్తు. పల్లేరుకాయ ఎటు దొర్లినా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది.

పంచరు వేసే పద్ధతి తరాలుగా ఒకటే. టైరు ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతారు. బుడగలు లేచిన చోట గుర్తు పెట్టి, తుడిచి, గరుకయ్యేదాకా రుద్ది, సొల్యూషన్ పూస్తారు. తడి ఆరి వేలికి జిగురు తగిలేదాకా ఆగి, అప్పుడు రబ్బరు ముక్క అతికించి నొక్కుతారు. తొందరపడి తడి మీదే అతికిస్తే ఆ ముక్క నాలుగు రోజులకే లేస్తుంది. అసలు మెలకువ ఆ తర్వాత ఉంది. పని తెలిసిన మెకానిక్ ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి వైపు వేళ్లతో మెల్లగా తడిమి చూస్తాడు. విరిగిన ముల్లు మొన అక్కడే ఉండిపోతే, వీధి మలుపు తిరగకముందే మళ్లీ పంచరు.

ఒక్కోసారి పంచరు లేకుండానే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది. పాత రకం వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండకు అది చీలితే గాలి నిలవదు. వాల్వు మీద కాస్త ఉమ్మి రాసి చూస్తే బుడగ లేచి విషయం చెబుతుంది. గొట్టం మారిస్తే సరి, ట్యూబు విప్పే పనే లేదు.

ఆగడం, కనిపించడం

సైకిల్ సామానులో అన్నిటికన్నా ముఖ్యమైనవి బ్రేకులు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్, మనిషి చూసి బ్రేక్ పట్టి ఆగేసరికి ఏడు మీటర్లయినా ముందుకు పోతుంది. ఇది పొడి రోడ్డు, మంచి బ్రేకుల లెక్క. ఇనుప రిమ్ము వానకు తడిస్తే బ్రేకు రబ్బర్లు జారతాయి, ఆగే దూరం బాగా పెరుగుతుంది. బ్రేక్ పట్టినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి ముందు బ్రేకుకే పట్టు ఎక్కువ. అయితే దాన్నొక్కదాన్నే గట్టిగా నొక్కితే బోర్లా పడతారు. రెండూ కలిపి పట్టడమే పద్ధతి.

చీకటి పడ్డాక ఆగడం కన్నా కనిపించడం ముఖ్యం. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు చూసి బ్రేక్ తొక్కి ఆగేలోపు 35 నుంచి 40 మీటర్లు వచ్చేస్తుంది. ఎదురుగా వచ్చే లైట్ల వెలుగులో నల్ల సైకిల్, మాసిన చొక్కా అంత దూరం నుంచి కనపడవు. పాత రోజుల్లో టైరుకు రాసుకుని తిరిగే డైనమో ఉండేది. దానితో చిక్కేమిటంటే, సైకిల్ ఆగితే లైటూ ఆరిపోతుంది. నేటి చిన్న ఎల్‌ఈడీ లైట్లకు ఆ బెడద లేదు. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు ఉండాలి.

రిఫ్లెక్టర్లకు బ్యాటరీ కూడా అక్కర్లేదు. వాటి నాణ్యతకు కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. ముందు తెలుపు, వెనక ఎరుపు, పెడళ్లకూ చక్రాలకూ పసుపు. వీటిలో పెడల్‌వి ప్రత్యేకం. అవి కిందికీ పైకీ ఆడుతుంటే, ముందు పోయేది సైకిల్ అని దూరం నుంచే డ్రైవరుకు అర్థమవుతుంది. మడ్‌గార్డు మీద మట్టి పేరుకుని వెనక రిఫ్లెక్టరు మూసుకుపోవడం తరచూ జరిగేదే. గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

చట్టంలో హెల్మెట్ నిబంధన మోటారు ద్విచక్ర వాహనాలకే గానీ సైకిల్‌కు లేదు. అయినా తల నేలకు తగిలితే వేగంతో పని లేదు కాబట్టి పెట్టుకోవడం మేలు.

నలుగురితో కలిసి పోవడం

సైకిల్ ఎడమ పక్కనే పోవాలి. అయితే మరీ అంచుకు పోకూడదు. తారు అంచు విరిగి, పక్క మట్టి బెత్తెడు లోతుకు దిగిపోయిన రోడ్లు మనకు కొత్త కాదు. అక్కడ చక్రం జారితే సైకిల్ కుడి వైపుకు, అంటే బండ్ల కిందికే పడుతుంది. అంచు నుంచి రెండడుగులు లోపలికి, ఒకే గీత మీద పోవడం క్షేమం. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలాలి.

ఆటోలది ఇంకో తీరు. చెయ్యెత్తిన మనిషి కనపడగానే ఎడమకు కోసి ఆగుతాయి. ముందున్న ఆటోను అంటిపెట్టుకుని పోకపోవడమే మందు. లారీకి, బస్సుకు ఎడమ పక్కన ముందు చక్రం దగ్గర డ్రైవరుకు కనపడని చోటు ఉంటుంది. మలుపు దగ్గర ఆ సందులోకి దూరితే, బండి ఎడమకు తిరిగినప్పుడు తప్పించుకునే వీలుండదు. వెనకే ఆగడం మంచిది.

కుడికి తిరగాలంటే ముందుగా వెనక్కి చూసి, చెయ్యి చాపి, అప్పుడు జరగాలి. పెద్ద సర్కిళ్ల దగ్గర దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటితే ఎవరికీ నామోషీ కాదు.

హైవే పక్క ఊళ్లలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు ఎదురు దారిన పోవడం. డివైడరులో సందు దూరంగా ఉందని, చుట్టూ తిరగలేక ఆ పని చేస్తారు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి 15 కిలోమీటర్ల వేగంతో ఎదురు పోతే, రెండూ గంటకు 75 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతాయి. అదే దిశలో పోతే ఆ తేడా 45 మాత్రమే. డ్రైవరుకు దొరికే సమయం అంత తగ్గిపోతుంది. సర్వీసు రోడ్డు ఉన్నచోట దాన్నే వాడాలి. రాత్రి వేళ నాపరాళ్ల లోడుతో, వెనక లైటు లేకుండా పోయే ట్రాక్టరు సైకిల్‌వాడికీ అపాయమే.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పదింటిలోపు, సాయంత్రం అయిదు తర్వాత పనులు పెట్టుకోవడం, తలకు గుడ్డ చుట్టుకోవడం, నీళ్ల సీసా వెంట ఉంచుకోవడం తప్పనిసరి. సైకిల్‌ను కూడా నీడనే పెట్టాలి. ఎండలో నిలబెట్టిన టైరు త్వరగా పగుళ్లు తీస్తుంది.

రోడ్డు చేయాల్సిన పని

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో సైకిల్ మీద పోతున్నవాళ్లు సుమారు మూడు శాతం. తొక్కేవాడి జాగ్రత్త ఒక్కటే ఈ లెక్కను తగ్గించలేదు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాలకు దాదాపు 3,300 మంది బలయ్యారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధికెక్కారు. 1973 చమురు సంక్షోభం కూడా తోడై, ఆ దేశం సైకిళ్లకు వేరే బాటలు వేసుకుంది.

తెలుగు నేల మీద హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023 అక్టోబరులో మొదలైంది. పైన సౌర ఫలకాల కప్పు ఉంది కాబట్టి ఎండ తగలదు. అయితే అది ఎక్కువగా వ్యాయామానికి వచ్చేవాళ్ల బాట. పనికి పోయేవాడికి కావలసింది ఇల్లూ, షెడ్డూ, బడీ కలిపే బాట. కల్లూరు లాంటి చోట దానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. హంద్రీ వంతెనల మీద సైకిళ్లకు గీత గీసి వదలడం, తారు అంచులు పూడ్చడం, బడుల ముందు వేగం తగ్గించడం, కర్నూలు మీదుగా కడప వైపు పోయే కేసీ కాలువ గట్టు వీలున్నచోట చదును చేయడం నగరపాలక సంస్థకు అందే పనులే. సైకిల్ బాటల కొలతలు భారత రోడ్ల కాంగ్రెస్ 1962లోనే రాసిపెట్టింది, 2015లో సవరించింది. అందులో బాటకు అడిగిన కనీస వెడల్పు రెండు మీటర్లు. అరవై ఏళ్ల కిందట రాసిన ఆ రెండు మీటర్లు రోడ్డు మీదికి రావడమే మిగిలింది.