మా ఉప్పు తిన్న వ్యాను

మా ఊరు మునిగుడ. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలుమార్గంలో రాయగడ దాటాక వస్తుంది. ఆ మార్గం 1931లో పూర్తయింది. ఆ తర్వాత కోస్తా నుంచి ఈ కొండల్లోకి వ్యాపారానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. 1992 అక్టోబరులో కొరాపుట్ నుంచి విడిపోయి మాది రాయగడ జిల్లా అయింది. జిల్లా మారినా మా కిరాణా కొట్టు మారలేదు. కొట్లో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే సరుకూ మారలేదు. అది ఉప్పు.

నియమగిరి కొండల మీది డొంగ్రియా కోందులు బుధవారం నాడు చాటికోన సంతకు పసుపు, అనాస, అరటి మోసుకొని దిగుతారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఉప్పు, ఎండుచేప కొనుక్కొని వెళతారు. సముద్రం లేని చోట ఉప్పుకున్న విలువ కోస్తావారికి చెబితే తెలిసేది కాదు. నౌపడా కొఠార్ల నుంచి వచ్చిన ఉప్పును సంతకు చేర్చడానికి నాన్న 1997లో ఒక మారుతీ ఓమ్ని వ్యాను కొన్నారు. పేరుకి అది ఇంటి బండి. సంత రోజున మాత్రం వెనక సీటు ఇంట్లోనూ, ఉప్పు బస్తాలు బండిలోనూ ఉండేవి. మనుషుల బండిలో అలా సరుకు వేయడం పద్ధతి కాదని అప్పట్లో మాకెవరికీ తోచలేదు.

2022కి ఆ బండికి పాతికేళ్ళు నిండాయి. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్ళు. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. మేము 2012లోనూ, 2017లోనూ చేయించాం. మూడోసారి వంతు వచ్చేసరికి, 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఇంకా తేల్చుకోక ముందే ఒక ఉదయం అమ్మ వ్యాను ఎక్కుతూంటే కాలి కింద రేకు కుంగింది. రబ్బరు చాప ఎత్తి చూస్తే రోడ్డు కనిపించింది.

తుక్కుకి ఇచ్చేద్దామని తమ్ముడన్నాడు. నాకు మనసొప్పలేదు. పైగా నా బుర్రలో ఒక పెద్ద ఆలోచన ఉంది. మా మావయ్యకు లారీ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో ఉత్త ఛాసీ మీద చెక్కా ఇనుమూ కలిపి బాడీ కట్టడం చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళి కళ్ళారా చూశాను. ఎత్తు కావాలంటే ఎత్తు, పొడవు కావాలంటే పొడవు. అలాగే ఎలాగూ విప్పుతున్న బండే కదా, మా వ్యాను పైకప్పు కోసి ఒక అడుగు లేపిద్దాం, వెనక కిటికీల స్థానంలో రేకు వేయించి మూసేద్దాం, బస్తాలు నిలువుగా పడతాయి అనుకున్నాను. కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాను.

పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే టింకరింగ్ షెడ్డు పెట్టుకున్న మేస్త్రి ఒకాయన ఉన్నాడు. బొమ్మ చూపించాను. ఆయన దానికేసి ఓసారి చూసి, మా కొట్లోంచి రెండు ఖాళీ నూనె డబ్బాలు తెప్పించమన్నాడు. ఒకదాని మూత పూర్తిగా కోసేశాడు. మూత ఉన్న డబ్బాని నిలబెట్టి పైన చెయ్యి వేసి బలంగా నొక్కాడు. అది చెక్కు చెదరలేదు. మూత కోసిన దాని అంచు మీద అలాగే నొక్కితే పక్కలు లోపలికి వంగిపోయాయి.

“సూడు బాబూ, లారీకి ఎముకలు కింద ఉంటాయి. దీనికి తోలే ఎముక. తోలు కోసేసి బతకమంటే ఎలాగ బతుకుద్ది?” అన్నాడు.

విషయం నాకప్పుడు బోధపడింది. లారీకీ, పాతకాలపు జీపుకీ కింద బలమైన ఛాసీ విడిగా ఉంటుంది. ఇంజను బరువు, సరుకు బరువు, గుంటల్లో పడే కుదుపు అన్నీ అదే మోస్తుంది. బాడీ దాని మీద కూర్చున్న గది మాత్రమే. ఓమ్నికి అలా విడి ఛాసీ లేదు. నేల, పక్కలు, స్తంభాలు, పైకప్పు ఒకదానికొకటి అతికి పెట్టెలా నిలబడితేనే బలం. మిల్లీమీటరు మందమైనా లేని రేకు, వంపుల వల్లా అతుకుల వల్లా అంత బరువు మోస్తోందన్నమాట. అందులో జారుడు తలుపుల కోసం పక్కలు అంతంత తెరిచి ఉంచిన బండికి పైకప్పు కూడా కోస్తే ఇక మిగిలేది మూత తీసిన డబ్బానే.

చట్టమూ మేస్త్రి మాటే చెబుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. రంగు మార్చినా సరే, ఆర్‌సీ పుస్తకంలో రాయించుకోవాలి. బండి ముందు బిగించే ఇనుప గార్డుల్ని సైతం 2017 డిసెంబరులో కేంద్రం వద్దంది.

పైకప్పు సంగతి అలా తేలింది. కిటికీల సంగతి నాన్న ఒక్క మాటతో తేల్చేశారు. “కిటికీ మూసేస్తే మీ అమ్మ ఎక్కడ కూర్చుంటుందిరా?” అన్నారు.

పని మొదలైంది. మంట పని కాబట్టి ముందు బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ట్యాంకు పూర్తిగా దించేశారు. కొన్నేళ్ళ కిందట వేరొక షెడ్డులో మేము అడుగుభాగం బాగు చేయించాం. ఇప్పుడు చూస్తే అది బాగు చేయడం కాదు, కప్పెట్టడం. తుప్పు మీదే కొత్త రేకు అతికి, పుట్టీ పూసి, నల్లరంగు వేశారు. పైన నునుపు, లోపల పిండి. ఎంత రేకు పోయిందో చూద్దామని మేస్త్రి సుత్తితో తట్టుకుంటూ పోయాడు. ఖంగుమన్న చోట వదిలి, బొదబొదలాడిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. తలుపుల కింద ఉండే పెట్టెలాంటి పట్టీ, మెకానిక్కులు రన్నింగ్ బోర్డు అంటారు, రెండు పక్కలా గీతే.

నాన్న స్టూలు వేసుక్కూర్చుని చూస్తున్నారు. నేల మీది తుప్పు ఎక్కడబడితే అక్కడ లేదు. చుట్టూ రేకు బాగానే ఉండి, మధ్యలో నలుచదరంగా తినేసి ఉంది.

“ఇదేంటి మేస్త్రీ, ఇక్కడే ఇలా తినేసింది?” అని అడిగారు.

“పాతబడింది కదా పెద్దబాబూ” అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

కాసేపటికి నాన్నే అన్నారు, “గోనెసంచి అంత ఉంది” అని.

బస్తాల రాపిడికి రంగు పోకూడదని, సంతకు బయల్దేరే ముందు నాన్న నేల మీద గోనెసంచి పరిచేవారు. పాతికేళ్ళూ ఒక్క బుధవారం కూడా మరచిపోలేదు. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఉప్పు దానంతటదే చెమరుస్తుంది. వానాకాలంలో మా కొండల్లో అంతకన్నా తక్కువుండే రోజులు అరుదు. అలా కారిన ఉప్పునీటిని గోనె పీల్చుకొని, ఆరనివ్వకుండా రేకుకి పట్టి ఉంచింది. మంచినీటి తడికన్నా ఉప్పునీటి తడికి ఇనుము ఎన్నో రెట్లు త్వరగా తుప్పు పడుతుంది. పైగా తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అతుకుల మధ్య చేరి వాటిని విడదీస్తుంది. బండి మీద ప్రేమతో వేసిన గోనే దానికి చేటయింది. నాన్న ఇక ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా అక్కడి నుంచి లేవలేదు.

మేస్త్రి గ్యాస్ వెల్డింగు వాడలేదు. ఆ వేడికి పల్చటి రేకు అప్పడంలా ఉబ్బుతుంది. సీఓటూ వెల్డింగుతో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్యలో నింపుకుంటూ వచ్చాడు. రన్నింగ్ బోర్డులు రెండూ ఒకేసారి కోయలేదు. ఒక పక్క కోసి, కొత్తది అతికి, జారుడు తలుపు సాఫీగా నడుస్తోందో లేదో చూసుకున్నాకే రెండో పక్క ముట్టాడు. తొందరపడి రెండూ కోస్తే నడుము కుంగి తలుపులు పట్టేస్తాయట. కొత్త నేల రేకుకి పాతదాని లాగే గాడులు కొట్టాడు. చదునురేకు వంగుతుంది, గాడుల రేకు నిలుస్తుంది. పెట్టెపట్టీల లోపల ప్రైమరు, దాని మీద మైనం కలిపిన నూనె కొట్టించాడు. తలుపుల అడుగున మూసుకుపోయిన నీటిరంధ్రాలు తెరిచాడు.

నేను కోరిన మార్పులేవీ చేయలేదు కానీ, ఆయన సొంతంగా రెండు చేశాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని జారుడు తలుపు కింద, బండి వెడల్పు దాటకుండా, ఒక చిన్న మెట్టు బోల్టులతో బిగించాడు. స్తంభానికి లోపలివైపు పట్టుకోవడానికి ఒక పిడి పెట్టాడు. లాగినప్పుడు రేకు చిరగకుండా దాని వెనక ఇనుప బిళ్ళ వేశాడు. ఆ రెండూ కావాలంటే విప్పేయవచ్చు. బండి ఎముక జోలికి అవి పోలేదు.

తనిఖీలో ఏ ఆక్షేపణా లేకుండా అయిదేళ్ళకు, అంటే 2027 దాకా, పొడిగింపు వచ్చింది. మొదటి ప్రయాణం రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి. అమ్మ మెట్టు మీద కాలు మోపి, పిడి పట్టుకొని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది. మీలో ఎవరింట్లోనైనా అలాంటి పాతబండి ఉంటే, రంగు గురించి ఆలోచించే ముందు చాప ఎత్తి నేల చూడండి. రన్నింగ్ బోర్డుని వేలితో తట్టి వినండి. తుప్పు కోసి తీసేవాడికి పని ఇవ్వండి, కప్పెట్టేవాడికి వద్దు.

ఉప్పు బస్తాలు ఇప్పుడు అద్దె సరుకు బండిలో సంతకు వెళుతున్నాయి. ఇన్నేళ్ళూ మా ఉప్పు తిన్నది చాలంటారు నాన్న. వాన వెలిసిందంటే మాత్రం చీపురుపుల్ల తీసుకొని వ్యాను దగ్గర చేరతారు, తలుపుల కింద నీటిరంధ్రాలు తెరుచుకొని ఉన్నాయో లేదో చూడటానికి.