నా పిల్ల... నా ఇష్టం!

ఈడు రాని పిల్లకు ముహూర్తం పెట్టారని తెలిసి అంగన్‌వాడీ టీచరో మహిళా పోలీసో గుమ్మంలోకి వస్తే, సిక్కోలు, విజయనగరం పల్లెల్లో తండ్రి నోట వచ్చే మాట ఒకటే. ‘‘నా పిల్ల, నా ఇష్టం. మజ్జిన సెప్పడానికి మీరెవులు?’’ ఆయన అడుగుతున్నదీ స్వేచ్ఛే. కాకపోతే పీటల మీద కూర్చునేది ఆయన కాదు.

ఈ తగువు ఇక్కడ పాతదే. విజయనగరం మహారాజా ఆనంద గజపతి నాటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల (పెళ్లికూతురికి వెల కట్టి చేసే పెళ్లిళ్ల) జాబితా తీయించారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో గురజాడ ఆ లెక్క ఇచ్చారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పాపలు ముగ్గురు. వాళ్ల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. నాటకంలో అగ్నిహోత్రావధానులు తన కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు 1,800కి బేరం పెట్టాడు. కన్నతల్లి వెంకమ్మ మాటే చెల్లని ఇంట్లో సుబ్బిని అడిగేదెవరు?

చట్టం తండ్రి ఇష్టానికి ముకుతాడు వేయబట్టే కూతురి ఇష్టానికి చోటు దొరికింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అంది. 1978లో అది 18 అయింది. శుల్కం పోయి కట్నం వచ్చింది. డబ్బు దారి మళ్లింది గానీ పెత్తనం చేతులు మారలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3.

సరే, పద్దెనిమిది నిండాయి. పిల్ల ఓటేసింది, ఉద్యోగం చేస్తోంది, తనకు నచ్చినవాణ్ని చేసుకుంటానంది. కులం వేరు. అప్పుడూ అదే మాట: నా పిల్ల, నా ఇష్టం. ఫోను లాక్కుంటారు, గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ఇల్లు దాటితే ‘లేచిపోయింది’ అని ఊరంతా కూస్తుంది. స్టేషన్లో మిస్సింగ్ కేసు నమోదవుతుంది. మేజర్లయిన ఇద్దరూ ఒప్పుకున్నాక కుటుంబం, కులపెద్దల సమ్మతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో తేల్చింది. అయితే చట్టంలోనూ చిక్కులున్నాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. దాన్ని ఆఫీసు గోడకు అంటిస్తారు. దాక్కుని బతుకుతున్న జంట పేర్లూ చిరునామాలూ వచ్చేపోయేవాళ్లంతా చదువుకోవచ్చన్నమాట!

మరి తండ్రికి స్వేచ్ఛే లేదా? ఉంది. పెళ్లికి వెళ్లకపోవచ్చు. భోజనాలు పెట్టకపోవచ్చు. స్వార్జితం రాసివ్వకపోవచ్చు. మాట్లాడకుండా ఏళ్లు గడిపేయనూవచ్చు. బాధగానే ఉంటుంది, కానీ అది ఆయన హక్కు. పిల్ల కూడా నాన్న నవ్వుతూ అక్షింతలు వేసి తీరాలని పట్టుపట్టలేదు. గొళ్లెం వేయడం, చెయ్యి చేసుకోవడం, అబ్బాయి ఇంటి మీదకు మనుషుల్ని పంపడం మాత్రం నేరం. ‘పరువు పోయింది’ అన్నది తండ్రి మనసుకు తగిలిన దెబ్బ. దానికి ఆమె బతుకుతో జమాఖర్చు సరిచేయడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. ఇంటి గుట్టు అంటూ ఇరుగుపొరుగు తలుపులేసుకోవడం ఇంకో తప్పు.

మీ వీధిలో పద్దెనిమిది నిండని పిల్లకు పందిరి వేస్తుంటే 1098కి ఫోన్ చేయండి. మేజిస్ట్రేటు ఆ పెళ్లిని ఆపించగలరు; చేయించినవాళ్లకు 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం కింద రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పద్దెనిమిది దాటిన పిల్లను బంధిస్తే 112. అక్కడ పోలీసుల పని ఆమెకు రక్షణ ఇవ్వడమే గానీ, పట్టుకొచ్చి పుట్టింట్లో అప్పజెప్పడం కాదు.