ఇంట్లో ఉండిపోయే కంప్యూటర్

మన క్లాసులో ఎవరినైనా ఆపి "పదిహేను వేలలో ఇంటికి ఒక కంప్యూటర్ చెప్పు బ్రో" అని అడగండి. సగం మంది ప్రాసెసర్ పేర్లు మొదలుపెడతారు. మిగతా సగం "ఆ డబ్బుకేం వస్తది, ఇంకో పదిహేను కలిపి ల్యాప్‌టాప్ కొనెయ్" అంటారు. ఎవరికి, ఎక్కడ పెట్టడానికి, ఏ పనికి అని అడిగేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నల గురించి.

మాది భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద ఊరు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయినా మా నాన్న ఇప్పటికీ ఎవరడిగినా ఖమ్మం జిల్లా అనే చెప్తాడు. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తెలిసినవాళ్లందరినీ ఒకటే అడిగాను: మీ ఇంట్లో చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటే దాంతో ఏం చేస్తారు? గేమ్స్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. (నా చిన్న తమ్ముడు ఒకడు అన్నాడు, వాడి ఓటు చెల్లదు.)

పక్కింటి బాబాయ్ ఎండాకాలంలో తునికాకు కల్లం లెక్కలు రాస్తాడు. కట్టకి 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. రోజూ సాయంత్రం ఎవరు ఎన్ని కట్టలు తెచ్చారో పేరుపేరునా రాసుకోవాలి, చివర్లో డబ్బు లెక్క తేలాలి. ఆయన ఫోన్‌లో ఎక్సెల్ ప్రయత్నించాడట. "ఒరేయ్, పేరు కనపడితే అంకె కనపడదు, అంకె కనపడితే పేరు పోతది. దానికన్నా పుస్తకమే నయం" అన్నాడు. ఆయనకి కావల్సింది స్పీడు కాదు, వెడల్పు. ఒకేసారి ఇరవై గళ్లు కనపడే తెర, అంకెలు కొట్టడానికి కుడిపక్క నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డు.

మా పిన్ని గ్రామ సంఘంలో వీఓఏ. సంఘాల పుస్తకాలు, తీర్మానాలు, లోన్ వివరాలు అన్నీ ఆమె దగ్గరే. ఆమె అడిగింది తెలుగులో టైపు చెయ్యడం, దాన్ని ప్రింట్ తియ్యడం. మా చెల్లి ఇంటర్ సెకండియర్. దాని కోరిక అన్నిటికన్నా చిన్నది: "అన్నా, మౌస్ పట్టుకోవడం రావాలి."

ఇది నవ్వే విషయం కాదు. మన ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, 2018 నుంచి కంప్యూటర్ మీదే రాయాలి. జేఈఈ మెయిన్ 2019 నుంచి పూర్తిగా అంతే, అందులో న్యూమరికల్ జవాబు కూడా తెర మీది అంకెల్ని మౌస్‌తో నొక్కి ఇవ్వాలి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు రాసే పరీక్షలో, జీవితంలో మొదటిసారి మౌస్ కదిపేది పరీక్ష హాల్లోనే అయితే ఆ పిల్ల ఫిజిక్స్‌తో పోరాడాలా, బాణం గుర్తుతో పోరాడాలా? మనలో చాలామందికి ఇంట్లోనో స్కూల్లోనో అలవాటైపోయింది కాబట్టి ఇది ఒక సమస్య అని కూడా తట్టదు. మా వైపు పిల్లల చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌తో మౌస్ రాదు.

మరి ల్యాప్‌టాప్ ఎందుకు వద్దు? బ్యాటరీ ఉంటుంది, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. నా అభ్యంతరం సరిగ్గా ఆ రెండో మాట మీదే. ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ కొంటే అది హాస్టల్‌కి పోయే కొడుకుతో పోతుంది. నా ల్యాప్‌టాప్ ఇప్పుడు నా ముందుంది, ఇంట్లో లేదు. మా ఊళ్లో ల్యాప్‌టాప్ కొన్న ప్రతి ఇంట్లోనూ ఇదే కథ: వస్తువు హైదరాబాద్‌లోనో ఖమ్మంలోనో ఉంటుంది, అమ్మా చెల్లీ ఫోన్ మీద ఉంటారు. డెస్క్‌టాప్ ఎక్కడికీ పోదు. అందరూ దాన్ని లోపం అంటారు, నాకు మాత్రం అదే దాని గొప్పతనం అనిపిస్తుంది.

ఇక "చిన్నది, చవకది" అంటే మార్కెట్‌లో ఏమున్నాయో చూద్దాం. చవక కంప్యూటర్ అనే ఆలోచన మన దేశంలో పాతదే. ఈ శతాబ్దం మొదట్లో బెంగళూరు నుంచి సింప్యూటర్ వచ్చింది. 2011 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ ట్యాబ్లెట్ విడుదల చేసింది. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని టచ్. రెండింట్లోనూ ముందు ధరో, సైజో అనుకుని, ఆ తర్వాత పని వెతికారని నా అభిప్రాయం. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లో 35 డాలర్లకి వచ్చిన రాస్‌ప్బెర్రీ పై అలా కాదు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి అనే ఒక్క పని పెట్టుకుంది, అందులో గెలిచింది. కానీ బాబాయ్‌కి పై ఇవ్వను. బోర్డు ఒక్కటే చవక. దానికి డబ్బా, అడాప్టర్, మెమరీ కార్డు, ప్రత్యేకమైన కేబుల్ అన్నీ కలిపితే చవకతనం కరిగిపోతుంది. పైగా అది ఏఆర్ఎం చిప్, మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. మనకి ప్రాజెక్టుకి బంగారం, పిన్నికి తలనొప్పి.

రెండో రకం కొత్త మినీ పీసీలు. ఇంటెల్ ఎన్100 అని 2023లో వచ్చిన చిప్ ఉంటుంది చాలావాటిలో. నాలుగు కోర్లు, 6 వాట్ల టీడీపీ. ఇంటి పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. చిక్కు ఏంటంటే వీటిలో చాలా బ్రాండ్లు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, చెడిపోతే భద్రాచలంలో ఎవరి దగ్గరికి పోవాలో తెలీదు.

మూడో రకం నాకు నచ్చింది: ఆఫీసులు వాడి తీసేసినవి. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ మినీ. పేర్లు వేరు గానీ ఆకారం దాదాపు ఒకటే. చతురస్రంగా జానెడు, మూడున్నర సెంటీమీటర్ల మందం, బరువు కేజీ పైచిలుకు. లావుపాటి నిఘంటువు ఒకటి బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది. లోపల ల్యాప్‌టాప్ ర్యామే పడుతుంది, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, ఫ్యాన్ విప్పి దుమ్ము దులపొచ్చు. మణుగూరు, కొత్తగూడెం వైపు బొగ్గు ధూళి, మా వైపు ఎర్రమట్టి, ఇవి కాక చీమలు, బల్లులు. విప్పి శుభ్రం చేసుకునే వీలు లేని వస్తువు మా దగ్గర ఎక్కువ కాలం బతకదు.

ఇవి కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పరు. మొదటిది జనరేషన్. "ఐ5 ఉంది తీసుకోండి" అంటే చాలదు. ఐ5-6500టీ అంటే ఆరో తరం, 8500టీ అంటే ఎనిమిదో తరం. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఆరో తరంవి ఇప్పుడు బాగా చవకగా దొరుకుతున్నాయి. లైనక్స్ వేసుకునేవాళ్లకి అది వరం, మిగతావాళ్లకి కాదు. రెండోది, ఇవి ఆఫీసులో వైరు మీద నడిచినవి కాబట్టి చాలావాటిలో వైఫై కార్డే ఉండదు. మూడోది, చాలావాటికి వెనక హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. ఇంట్లో టీవీకి పెడదామని హెచ్‌డీఎంఐ కేబుల్ పట్టుకుని కూర్చుంటే దూరదు. మూడొందల కేబుల్ కోసం మళ్లీ భద్రాచలం బస్సెక్కాలి.

ఇప్పుడు కరెంటు. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర భద్రాద్రి ప్లాంటు, కింద సింగరేణి బొగ్గు. రాష్ట్రానికి వెలుగిచ్చే జిల్లా మాది. అయినా వానాకాలంలో అడవిలో చెట్టు లైను మీద పడితే మా ఊరు చీకటే. మా నాన్న అడిగింది ఒకటే ప్రశ్న: "దీంతో రెండొందలు దాటదు గదా?" గృహజ్యోతిలో నెలకి 200 యూనిట్ల వరకు అర్హులకి బిల్లు సున్నా. మే నెలలో కూలర్ తిరిగితే ఆ గీత దగ్గరికి వచ్చేస్తాం. అందుకని ప్లగ్గుకి పెట్టే వాట్ మీటర్ ఒకటి ఫ్రెండ్ దగ్గర తీసుకుని కొలిచాను. మినీ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 వాట్లు, వీడియో నడుస్తుంటే 18 దాకా. మానిటర్ ఇంకో 18. మొత్తం 35 అనుకుని రోజుకి ఆరు గంటలు వేస్తే నెలకి ఆరు యూనిట్లు చిల్లర. పాత టవర్ క్యాబినెట్ ఒక్కటే 90 వాట్లు తింటే, మానిటర్‌తో కలిపి అదే లెక్కకి 19 దాటుతుంది. పదమూడు యూనిట్ల తేడా మనకి లెక్కలోది కాదు, గీత దగ్గర ఉన్న ఇంటికి లెక్కే.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇదే తేడా గంటల్లో కనపడుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు, చేతికొచ్చేది వెయ్యి అనుకోండి. ఒక ఫ్యాన్, ఒక బల్బు, మానిటర్, మినీ పీసీ కలిపి 115 వాట్లయితే ఎనిమిది గంటల పైన నడుస్తుంది. మినీ స్థానంలో టవర్ పెడితే ఐదున్నర దగ్గర ఆగిపోతుంది. ఇంకో చిన్న విషయం: చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. అది వెయ్యకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు కంప్యూటర్ ఆఫై మళ్లీ మొదలవుతుంది. బాబాయ్ లెక్క సేవ్ కాకుండా పోతుంది.

చిన్నదిగా ఉండటం అందం కోసం కాదు అని మా వైపు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరి భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులకి వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. ఆ జులైలో మా పెద్దనాన్న వాళ్లు పాత కంప్యూటర్ క్యాబినెట్‌ని మంచం మీద పెట్టి, బట్టలు, కాగితాలు తీసుకుని పునరావాస కేంద్రానికి పోయారు. నీళ్లు మంచం దాటాయి. పోయింది ఇనుప డబ్బా కాదు, అందులోని ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు. కేజీ బరువున్న డబ్బా అయితే నాలుగు స్క్రూలు కూడా విప్పక్కర్లేదు, స్కూల్ బ్యాగ్‌లో వేసుకుని నడవొచ్చు. మానిటర్ మునిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఎలాగూ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉండాలి, అది వేరే మాట.

నెట్ గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లో సిగ్నల్ ఉన్నప్పుడు ఫోన్ డేటానే నెట్. ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెడితే వైఫై కార్డు లేకపోయినా పని జరుగుతుంది, ఫోన్ చార్జింగ్ కూడా అవుతుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని పెట్టండి, లేకపోతే అప్‌డేట్లు మధ్యాహ్నానికే ఆ రోజు డేటా మింగేస్తాయి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు. మన హాస్టల్ వైఫైలో దించి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోవడం నాకు తెలిసిన మంచి పనుల్లో ఒకటి.

తెలుగు టైపింగ్ మన క్లబ్బు విషయం కాబట్టి కొంచెం ఆగుతాను. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. అచ్చుకి అందంగా ఉంటాయి, కానీ అది యూనికోడ్ కాదు. అందులో కొట్టింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు. పిన్నికి అను వద్దని చెప్పాను. విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. ఓపికుంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మేలు: అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. పిన్ని అక్షరమాల తెలిసిన మనిషి కాబట్టి ఆమెకి ఇంగ్లిష్ స్పెల్లింగ్ దారి కన్నా ఇదే సులువైంది. ఫాంట్లకి మండలి, రామరాజ, సురన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. లైనక్స్ వైపు పోయేవాళ్లకి తెలుగులో మెనూలు ఉండేలా స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు ఏళ్లుగా పనిచేశారు. వాళ్లలో మనలాంటి ఇంజినీరింగ్ స్టూడెంట్లు చాలామంది.

చివరికి మా ఇంటికి కొన్నది: ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న వాడిన మినీ డబ్బా 11,500. పాత పందొమ్మిది అంగుళాల మానిటర్ 2,000. కీబోర్డు, మౌస్ 700. కేబుల్ 300, వైఫై డాంగిల్ 350. మొత్తం 14,850. ప్రింటర్ కొనలేదు, పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో షాపుకి తీసుకుపోతే పేజీకి ఇచ్చే డబ్బులే నయం.

మనిషికొక యూజర్ అకౌంట్ పెట్టాను. పొద్దున చెల్లి, మధ్యాహ్నం పిన్ని. ఏప్రిల్, మే నెలల్లో కల్లం నడిచేటప్పుడు రాత్రి ఏడు నుంచి తొమ్మిది తనకే అని బాబాయ్ ఇప్పుడే చెప్పి పెట్టుకున్నాడు. చెల్లి ఒప్పుకోలేదు. ఎంసెట్ కూడా అప్పుడే.