దర్శనం అయ్యాక పెద్దవాళ్లను గదిలోనే వదిలేస్తున్నారా? తిరుపతి చుట్టూ కూర్చునే చూడదగ్గవి బోలెడున్నాయి!

తిరుమల దర్శనం అయిపోయింది. చేతిలో ఇంకా రెండు రోజుల సెలవుంది. పిల్లలు తలకోన జలపాతం అంటారు. కుర్రాళ్లు దగ్గర్లో వాటర్ పార్క్ ఏదైనా ఉందా అని ఫోన్లో వెతుకుతుంటారు. ఇంట్లో అవ్వ మాత్రం ఒకే మాట అంటుంది. "మీరు పోయి రాండి నాయనా, నేనీడే కూచుంటా." అంతే.. లాడ్జి గదిలో టీవీ ముందే ఆమె టూర్ ముగిసిపోతుంది.

ఆ మాటను మనం నిజమని నమ్మేస్తాం. నిజానికి చాలామంది పెద్దలకు తిరగాలనే ఉంటుంది. మోకాళ్ల అరుగుదల, పక్షవాతం, తుంటి ఆపరేషన్, షుగర్ వల్ల మొద్దుబారిన పాదాలు.. కారణం ఏదైనా, బయటకు రాకుండా ఆపేది నొప్పి ఒక్కటే కాదు. బాత్రూమ్ ఎక్కడుంటుందో, అక్కడ కూర్చుని లేవగలనో లేదోనన్న భయం. తన వల్ల అందరూ ఆగాల్సి వస్తుందన్న మొహమాటం ఇంకొకటి. ఆ భయంతోనే ప్రయాణంలో నీళ్లు తాగడం మానేస్తారు. చిత్తూరు ఎండలో నీళ్లు మానేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే టూర్ ప్లాన్‌ను తిరగేయాలి. చూడాల్సిన ప్రదేశాల లిస్టు ముందు రాసుకుని, అందులో అవ్వను ఎలా ఇరికించాలా అని ఆలోచించకండి. కూర్చునే ఆనందించే చోట్లు ఏవో ముందు చూసుకోండి. పాత చిత్తూరు జిల్లా ఈ విషయంలో చాలా గొప్పది.

శ్రీకాళహస్తి కలంకారీ.. ఒక పూట సరిపోదు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి కారులో గంట లోపే. అందరూ రాహుకేతు పూజ చేయించుకుని వెనక్కి తిరిగేస్తారు. గుడికి అవతల, ఊళ్లోని ఇళ్లల్లో నడిచే కలంకారీ పని చూడటానికి మాత్రం ఆగేవాళ్లు తక్కువ. నడవలేని వాళ్లకు ఇంతకన్నా మంచి కాలక్షేపం ఈ జిల్లాలోనే లేదన్నది మా అభిప్రాయం. ఎందుకంటే ఈ పని చేసేవాళ్లూ కూర్చునే చేస్తారు, చూసేవాళ్లూ కూర్చునే చూడొచ్చు.

మచిలీపట్నం దగ్గర పెడనలో అచ్చులతో అద్దుతారు. ఇక్కడ అచ్చులుండవు, అంతా కలంతోనే. వెదురు పుల్ల చివర చెక్కి, దానికి గుడ్డ చుట్టి దారం కడతారు. ఆ గుడ్డను వేలితో నొక్కుతుంటే రంగు కొద్దికొద్దిగా దిగుతుంది. బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేస్తారు. అలా చేయకపోతే గీసిన గీత పాకిపోతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. నల్లరంగు కథ ఇంకా బాగుంటుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్నే కసిమి అంటారు. కుండలో ఉన్నప్పుడు పలుచగా కనిపించే ఆ నీళ్లు, కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడతాయి. ఎర్రరంగు నిలవాలంటే పటిక కావాలి. పసుపు కరకపువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి వస్తాయి. ఒక్కో రంగుకీ మధ్యలో పారే నీళ్లలో ఉతకడం తప్పదు.

ఒకప్పుడు దాదాపు ఆరిపోయే దశకు చేరిన ఈ విద్యను 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ పెట్టిన శిక్షణ కేంద్రం నిలబెట్టింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ముందు రోజే ఫోన్ చేసి, "మా అమ్మ కింద కూర్చోలేదు, కుర్చీ, బల్ల కావాలి" అని చెప్పండి. జేబురుమాలంత బట్ట ముక్క మీద ఒక నెమలినో, మామిడి పిందెనో గీసుకోవడం ఒక పూట పని. చేతివేళ్లు వంగని వాళ్లు కలానికి ఇంకొంచెం గుడ్డ చుట్టించుకుంటే పట్టు దొరుకుతుంది. ఇంట్లో ముగ్గులు పెట్టిన చేతులు కదా, మనకన్నా బాగానే గీస్తారు.

పులికాట్.. కారు కిటికీలోంచి రాజహంసలు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. వర్షాల తర్వాత, అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, రోడ్డుకు రెండు వైపులా నిస్సారమైన నీళ్లలో ఫ్లెమింగోలు మేస్తూ కనిపిస్తాయి. తెల్లటి పక్షులు ఒక్కసారిగా లేచినప్పుడే రెక్కల కింది ఎరుపు బయటపడుతుంది. ఇదంతా కారు దిగకుండానే! ఒక బైనాక్యులర్, ఫ్లాస్కులో కాఫీ ఉంటే చాలు. తిరుపతి నుంచి సుమారు రెండు గంటల ప్రయాణం కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరడం మేలు. ఎండెక్కితే నీళ్ల మీద మెరుపుకి ఏమీ కనపడదు.

ఒక జాగ్రత్త. ఆ రోడ్డు మీద వాహనాలు వేగంగా వెళ్తుంటాయి. వెడల్పుగా ఉన్న చోట మాత్రమే ఆపండి. బాత్రూమ్ పని సూళ్లూరుపేటలోనే ముగించుకోవాలి.

దగ్గర్లోనే నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. గూడబాతుల గూళ్లకు పేరున్న చోటు. కాకపోతే అక్కడ బాగా చూడాలంటే కాస్త నడక, వాచ్ టవర్ ఎక్కడం ఉంటాయి. నడవలేని వాళ్లకు పులికాట్ రోడ్డే నయం.

మరి రాకెట్ ప్రయోగం? ఇస్రో 2019లో శ్రీహరికోటలో ప్రజల కోసం గ్యాలరీ తెరిచింది, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. చూడ్డానికి అద్భుతమే కానీ స్టేడియంలా మెట్ల గ్యాలరీ, వేల మంది జనం, గంటల తరబడి ఎదురుచూపులు. ప్రయోగం వాయిదా పడితే ఆ శ్రమంతా వృథా. చక్రాల కుర్చీతో వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి.

హార్స్‌లీ హిల్స్.. ఏమీ చేయకుండా ఉండటానికి

మదనపల్లె దాటాక, సముద్ర మట్టానికి 4,100 అడుగులకు పైగా ఎత్తులో ఉంటుంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టర్‌గా చేసిన హార్స్‌లీ దొర ఇక్కడ వేసవి బంగ్లా కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. కొండ పైదాకా కారు వెళ్తుంది, పైనే టూరిజం శాఖ హరిత రిసార్ట్ ఉంది. తిరుపతి నుంచి మూడు గంటలకు పైనే పడుతుంది. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే వాళ్లుంటే మదనపల్లెలో ఆగి సేదదీరి ఎక్కండి.

ఈ గాలికి ఆరోగ్యపరంగా ఒక చరిత్రే ఉంది. మందులు లేని రోజుల్లో టీబీకి మంచి గాలి, విశ్రాంతే వైద్యం. అందుకే 1915లో మదనపల్లె పక్కన శానిటోరియం పెట్టారు. ఆ చోటికే ఆరోగ్యవరం అని పేరొచ్చింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా మదనపల్లెలో కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలోనే రాశారు. ఆయన వచ్చింది సైతం విశ్రాంతి కోసమే!

కాబట్టి హార్స్‌లీ హిల్స్ వెళ్లి అడ్వెంచర్ గేమ్స్ వెంట పరుగులు తీయక్కర్లేదు. యూకలిప్టస్ చెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చోవడమే అక్కడి కార్యక్రమం. సాయంత్రం వ్యూ పాయింట్‌కి ఎంత దగ్గరిదాకా కారు వస్తుందో రిసార్ట్ వాళ్లనే అడగండి. శాలువా మర్చిపోవద్దు. వేసవిలోనూ తెల్లవారుజామున చలి గాలి కొడుతుంది.

రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటే దాన్ని పిల్లలకే వదిలేయకండి. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే మన బరువులో సుమారు మూడో వంతే కాళ్ల మీద పడుతుంది. నేల మీద పది అడుగులు వేయలేని వాళ్లు నీళ్లలో అవలీలగా నడుస్తారు. అయితే దిగే మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. గుండె జబ్బు, ఫిట్స్, కాలి పుండ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగందే దిగకూడదు.

తిరుపతిలోనే ఉండిపోయే వాళ్లకు

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే శక్తి లేకపోయినా ఘాట్ రోడ్డు ప్రయాణమే ఒక టూర్. ఆ దారిలో కొండ కోత దగ్గర రెండు రకాల రాళ్లు ఒకదానిపై ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. కింద అతి పురాతనమైన గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ పొరలు. ఆ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల విరామం ఉంది. భారత భూగర్భ సర్వే దీన్ని జాతీయ భూగర్భ వారసత్వ స్థలంగా గుర్తించింది. రోజూ వేల మంది దాని పక్కనుంచే వెళ్తారు, తల తిప్పి చూసేవాళ్లు తక్కువ.

కొండపైన మాడ వీధులు చదునుగా, వెడల్పుగా ఉంటాయి. చక్రాల కుర్చీ హాయిగా నడుస్తుంది. సాయంత్రం సహస్ర దీపాలంకరణ సేవ, ఆ తర్వాత ఆలయం ఎదుట నాద నీరాజనం వేదికపై సంగీతం. దర్శనం విషయానికొస్తే, 65 ఏళ్లు దాటిన వారికి, దివ్యాంగులకు టీటీడీ ప్రత్యేక కోటా ఉంది. టోకెన్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, త్వరగా అయిపోతాయి. తేదీలు, సమయాలు మారుతుంటాయి కాబట్టి టీటీడీ వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరాలి.

కింద ఊళ్లో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు, హరికథలు జరుగుతుంటాయి. చంద్రగిరిలో రాజమహల్ ముందున్న పచ్చిక అయినా చాలు, పై అంతస్తులు చూడకపోయినా నష్టం లేదు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఎస్వీ జూ పార్క్ మాత్రం చాలా పెద్దది. 1987లో మొదలైంది, విస్తీర్ణం 5,532 ఎకరాలు. నడిచి చూద్దామనుకుంటే కుర్రాళ్లే డీలా పడతారు. బ్యాటరీ వాహనం ఎక్కించి తిప్పండి, సఫారీ కూడా బస్సులోనే.

తలకోన? అడవి అందమైనదే. కానీ 270 అడుగుల ఆ జలపాతం దగ్గరికి రాళ్ల దారిలో నడవాలి, మెట్లు ఎక్కాలి. కిందనే కూర్చోబెట్టి మిగతావాళ్లు వెళ్తే మళ్లీ అదే కథ.

గది బుక్ చేసే ముందు.. ఫోన్లో అడగాల్సింది ఇది

"వీల్‌చైర్‌కి వీలవుతుందా?" అని అడిగితే ఎవరైనా "అవుతుంది సార్" అనే చెబుతారు. లిఫ్ట్ ఉంటుంది, కానీ లిఫ్ట్ దాకా వెళ్లడానికి నాలుగు మెట్లుంటాయి! అందుకని అలా అడక్కుండా, బాత్రూమ్ గుమ్మం నుంచి కమోడ్ దాకా చిన్న వీడియో తీసి వాట్సాప్ చేయమనండి. తలుపు వెడల్పు కొలిచి చెప్పమనండి. మామూలు చక్రాల కుర్చీ రెండడుగుల పైచిలుకు ఉంటుంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం తలుపు 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలి. ర్యాంప్ లెక్క కూడా తెలుసుకోండి. ఎత్తుకి పన్నెండు రెట్లు పొడవు. అరడుగు మెట్టుకు ఆరడుగుల ర్యాంప్ కావాలి. రెండడుగుల చెక్క పెట్టి ర్యాంప్ అంటే అది జారుడుబల్ల.

వెస్ట్రన్ కమోడ్ ఉంటే సరిపోదు, పక్కన పట్టుకోవడానికి ఆసరా ఉండాలి. లేకపోతే మడిచే కమోడ్ కుర్చీ కారు డిక్కీలో వేసుకోండి. ఇదొక్కటి వెంట ఉంటే చాలు, పెద్దవాళ్లకు సగం భయం పోతుంది, నీళ్లు తాగుతారు.

ఇవన్నీ ఎవరి దయాదాక్షిణ్యాలో కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలకు సేవలందించే చోట్లన్నీ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ప్రమాణాలు కేవలం సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి హోటల్ రిసెప్షన్‌లో గట్టిగా అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రయాణానికి విమానమైతే టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ కోరాలి, కనీసం 48 గంటల ముందు చెప్పడం మంచిది. రైల్లో సీనియర్ సిటిజన్ల రాయితీ 2020 మార్చి నుంచి లేదు. అర్హులైన దివ్యాంగులకు మాత్రం కొనసాగుతోంది.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో మరో మాట. స్పర్శ తెలియని పాదాలతో మధ్యాహ్నం గుడి బండల మీద నడిస్తే బొబ్బలెక్కినా తెలియదు. గుడులన్నీ ఉదయం తొమ్మిదిలోపు లేదా పొద్దుగుంకాక పెట్టుకోండి. గదికి రాగానే అరికాళ్లు ఒకసారి చూడండి.

రోజుకు ఒక్క చోటే, మధ్యాహ్నం నిద్ర తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో అయితే హార్స్‌లీ హిల్స్. నవంబర్, డిసెంబర్‌లో వాయుగుండం వార్తలుంటే పులికాట్ వాయిదా వేసుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో గది దొరకడమే కష్టం కాబట్టి ఆ వారం వద్దు. కాణిపాకం మీదుగా చిత్తూరు వైపు వెళ్లేవాళ్లకు చెరకు సీజన్‌లో దారి పక్కన బెల్లం వండే చోట్లు తగులుతాయి. కారు ఆపి, కుర్చీ వేయించి, అప్పుడే దించిన వేడి బెల్లం ఆకులో పెట్టించండి. షుగర్ ఉన్నవాళ్లు వాసనతో సరిపెట్టుకోవాల్సిందే!