పాటకూ రఫూ!

పట్టుచీర ఎక్కడో కాస్త చిరిగిందని చీరంతా అవతల పారేస్తామా? చిరిగినచోట రఫూ చేయించి మళ్లీ కట్టుకుంటాం. టేపు మీద రికార్డయిన పాటకూ అలాంటి రఫూ ఉంది. స్టూడియో వాళ్లు దాన్ని 'పంచ్ ఇన్' అంటారు. అది లేని రోజుల్లో గాయనులు పడిన కష్టం తెలిస్తేగానీ దాని విలువ తెలియదు.

ఒక్క తప్పుకి మళ్లీ మొదటికి

1951లో అమెరికాను ఊపేసిన పాట 'హౌ హై ద మూన్'. అందులో జట్టుగా వినిపించే ఆడగొంతులన్నీ ఒక్కావిడవే! ఆమె మేరీ ఫోర్డ్. భర్త లెస్ పాల్ గిటారు విద్వాంసుడు. ముందు పాడినదాన్ని వింటూ ఆమె మరో వరస పాడేది. రెండూ కలిసి అదే టేపు మీదకెక్కేవి, పాతది చెరిగిపోయేది. అన్ని వరసలూ కుదిరి ఆఖరిదాంట్లో నాలుక తడబడిందా... పడిన శ్రమంతా గంగపాలే!

మన మద్రాసు స్టూడియోల్లోనూ గాయని, వాద్యబృందం ఒకేసారి రికార్డయ్యే రోజుల్లో ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఎవరి దారి వాళ్లదే

1957లో ఆంపెక్స్ కంపెనీ లెస్ పాల్‌కి ఎనిమిది ట్రాకుల యంత్రం చేసిచ్చింది. ఒకే టేపు మీద పక్కపక్కనే ఎనిమిది దారులు. తర్వాత రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులొచ్చాయి. గొంతు ఒక దారిలో, వీణ మరో దారిలో. గొంతు దిద్దితే వీణకేమీ కాదు.

చరణంలో ఒక మాట పోయిందనుకోండి. ఇంజినీరు రెండు లైన్ల ముందు నుంచి టేపు తిప్పుతాడు. గాయని హెడ్‌ఫోన్స్‌లో తన పాత గొంతు వింటూ దాంతోపాటే పాడుతుంది. తప్పుమాటకి ముందు ఊపిరి తీసుకునే సందులో ఇంజినీరు ఆ ఒక్క ట్రాకుకే రికార్డు నొక్కుతాడు. మాట పూర్తవగానే ఆపుతాడు.

చెప్పినంత తేలిక కాదు. టేపు ముందు చెరిపే హెడ్డునీ, తర్వాత రాసే హెడ్డునీ దాటుతుంది. మధ్యలో కాస్త ఎడం ఉంటుంది. సాదా యంత్రాల్లో ఆపినచోట ఆ మేర పాతది చెరిగి, కొత్తది ఎక్కక ఖాళీ మిగిలేది. వేలు కాస్త ఆలస్యమైతే పక్కనున్న మంచి మాట కూడా పోయేది. పోయింది మళ్లీ రాదు! అందుకే ట్రాకు ఖాళీ ఉంటే పాతది ఉంచి కొత్తది అందులో పాడించేవారు.

మీరు పాడబోతున్నారా?

ఇప్పుడు కంప్యూటర్లో పాతది భద్రంగా ఉంటుంది. పాడేవాళ్లు పాటించాల్సినవి మాత్రం మారలేదు.

* ఆ ఒక్క మాటే కాదు, ముందు లైను నుంచి పాడుతూ రండి. అప్పుడే భావం, ఊపిరి కలుస్తాయి.
* మైకుకు ఇందాక ఎంత దూరంలో నిలబడ్డారో అంతే దూరంలో నిలబడండి.
* దిద్దుబాటు అదేరోజు చేయించుకోండి. మర్నాటికి గొంతు మారుతుంది, అతుకు తెలిసిపోతుంది.
* లైనుకొక రఫూ కావాల్సి వస్తుంటే ఆపేసి, నాలుగు గుక్కలు గోరువెచ్చని నీళ్లు తాగి చరణమంతా మళ్లీ పాడండి. అన్నీ అతుకులే అయితే అది చీర కాదు, బొంత!