కరెంటు పోయిన రాత్రి బేస్‌మెంట్‌ను కాచే బ్యాటరీ ఏది?

న్యూజెర్సీలోనో, చికాగో శివార్లలోనో, మిషిగన్‌లోనో ఇల్లు కొన్న తెలుగువాళ్లలో చాలామందికి సంప్ పంపు గురించి గృహప్రవేశం అయ్యాకే తెలుస్తుంది. మన ఊళ్లలో సంపు అంటే మునిసిపాలిటీ నీళ్లు పట్టి దాచుకునే తొట్టి. అక్కడి సంప్ ఉన్నది నీళ్లు దాచడానికి కాదు. పునాది చుట్టూ చేరిన ఊటను ఒక గుంటలోకి రప్పించి ఇంటి బయటికి తోసేయడానికి.

అసలు నీళ్లు ఊరే చోట ఇల్లు ఎందుకు దించారు? చలి దేశంలో నేల పైనుంచి కొంత లోతు వరకు గడ్డకడుతుంది. గడ్డకట్టిన మన్ను ఉబ్బి పునాదిని పైకి ఎత్తేస్తుంది కనుక పునాదిని ఆ లోతుకు దిగువన వేయాలి. చికాగోలో అది 42 అంగుళాలు. అంత తవ్వాక ఇంకొంచెం తవ్వితే ఒక అంతస్తు కలిసొస్తుంది కదా అని బేస్‌మెంట్లు కట్టారు. పునాది వెంబడి కంకరలో పరిచిన చిల్లుల గొట్టాలు నీటిని గుంటలోకి తెస్తాయి. నీరు ఒక మట్టానికి చేరగానే ఫ్లోట్ లేస్తుంది, పంపు తిరుగుతుంది.

చిక్కంతా ఒక్కటే. కుండపోతగా వాన పడి పంపు ఆగకుండా తిరగాల్సిన రాత్రే గాలికి చెట్లు తీగల మీద పడి కరెంటు పోతుంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లను చీకట్లో పడేసింది. కొన్ని ఇళ్లకు వారం దాటినా కరెంటు రాలేదు. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషాలు దాటిపోయినప్పుడు ఆ రాష్ట్రంలోని న్యూవార్క్‌లో ఒక్క రోజులో 8.41 అంగుళాల వాన పడింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు పాలసీని ఒకసారి తీసి చదవాలి. మామూలు ఇంటి పాలసీలో సంప్ పొంగిన నష్టం సాధారణంగా ఉండదు, దాన్ని విడిగా చేర్పించుకోవాలి.

మరి ఎంత బ్యాటరీ కావాలి? ఆ లెక్క దుకాణంలో తేలేది కాదు, మీ గుంట దగ్గర తేలేది. గట్టి వాన పడుతున్నప్పుడు పంపు తోడటం ఆపగానే దాని ప్లగ్ తీయండి. ఒక నిమిషంలో నీరు ఎన్ని అంగుళాలు పెరిగిందో స్కేలుతో చూసి, వెంటనే ప్లగ్ పెట్టేయండి. 18 అంగుళాల వ్యాసమున్న గుంటలో ఒక్కో అంగుళం 1.1 గాలన్లు, అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. నిమిషానికి నాలుగు అంగుళాలు పెరిగితే గంటకు సుమారు 265 గాలన్లు, దాదాపు వెయ్యి లీటర్లు వస్తున్నట్టు. 24 అంగుళాల గుంటైతే ఒక్కో అంగుళానికి రెండు గాలన్లు వేసుకోండి.

ఇప్పుడు, కరెంటు పోయినప్పుడు ఆ బ్యాటరీతో నడిచే రెండో పంపు సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే గాలన్ల సంఖ్యను నమ్మి కొనకండి. చాలాసార్లు అది నీటిని అసలు పైకెత్తకుండా కొలిచిన సంఖ్య. బేస్‌మెంట్ గుంట అడుగు నుంచి గొట్టం గోడ దాటే చోటికి ఎనిమిది నుంచి పది అడుగులు ఉంటుంది, మధ్యలో మలుపులు కూడా ఉంటాయి. కనుక 10 అడుగుల ఎత్తుకు గంటకు ఎంత తోడుతుందో చూడాలి. ఆ ఎత్తులో 1,500 గాలన్లు తోడే 12 వోల్టుల పంపు 15 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 265 గాలన్లు తోడటానికి అది గంటలో పదకొండు నిమిషాల లోపే తిరుగుతుంది. సగటున రెండున్నర ఆంపియర్ల పైచిలుకు. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా దాదాపు పంతొమ్మిది గంటలు నడుస్తుంది.

సగమే ఎందుకంటే, లెడ్ బ్యాటరీని మాటిమాటికీ అడుగంటా వాడితే త్వరగా చచ్చిపోతుంది. పైగా దాని మీద ముద్రించిన సామర్థ్యం 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే దక్కేది. ఒక్కసారిగా ఎక్కువ ఆంపియర్లు లాగితే అంత రాదు. పాతబడిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. మీ లెక్కలో వచ్చిన దానికి రెట్టింపు తీసుకోమనే నేను చెబుతాను. వచ్చే తుపాను మీరు కొలిచిన వానంత మెత్తగా ఉంటుందన్న హామీ లేదు.

ఇన్వర్టర్ పెట్టి ఉన్న పంపునే నడపకూడదా? కరెంటు కోతల కాలంలో మన ఇళ్లలో ఇన్వర్టరు, పక్కన 150 ఆంపియర్-అవర్ ట్యూబ్యులర్ బ్యాటరీ చూసి పెరిగినవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజం. నడపవచ్చు. అయితే అర హార్స్‌పవర్ పంపు తిరుగుతున్నప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెట్టింపు పైనే. కంప్యూటర్ కింద పెట్టే చిన్న యూపీఎస్ దానికి చాలదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి, లేకపోతే మోటారు వేడెక్కుతుంది. ఇవన్నీ డబ్బు పెడితే తీరేవే. తీరనిది ఇంకొకటుంది. ఫ్లోట్ గుంట గోడకు ఇరుక్కున్నా, మోటారు కాలిపోయినా, కరెంటు ఉండి కూడా బేస్‌మెంట్ మునుగుతుంది. అప్పుడు ఎంత పెద్ద ఇన్వర్టరూ ఆదుకోదు. విడిగా ఫ్లోట్, విడిగా మోటారు ఉన్న రెండో పంపే అసలైన రక్షణ. ఊట విపరీతంగా ఉండి చిన్న పంపు తట్టుకోలేని ఇళ్లకు మాత్రం ఇన్వర్టర్ దారి ఆలోచించవచ్చు, అదీ రెండో పంపు పెట్టుకున్నాకే.

బ్యాటరీ రకాల్లో కారు బ్యాటరీని ముందే పక్కన పెట్టండి. పలుచని పలకలతో ఇంజన్‌ను ఒక్క క్షణం గట్టిగా తిప్పడానికి చేసింది అది. గంటల తరబడి పనికి డీప్ సైకిల్ రకం కావాలి. అందులో నీళ్లు పోసే రకం చవక, కానీ డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తూ ఉండాలి, ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది కనుక గాలి ఆడాలి. ఆ శ్రద్ధ మనకు ఉండదనుకుంటే సీలు చేసిన ఏజీఎం మేలు. చాలా ఇళ్లకు నా ఓటు దానికే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలిక, ఎక్కువ ఏళ్లు వస్తుంది, సామర్థ్యంలో ఎనభై శాతం పైగా వాడుకోవచ్చు. ధర ఎక్కువ. దాన్ని కొనేముందు మీ బ్యాకప్ పంపుతో వచ్చిన ఛార్జరు లిథియానికి సరిపోతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూడండి, లెడ్ బ్యాటరీ ఛార్జరుకు దాన్ని తగిలించకండి.

బ్యాటరీని కాంక్రీటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందని ఇప్పటికీ అంటుంటారు. నేటి ప్లాస్టిక్ పెట్టె బ్యాటరీలకు అది వర్తించదు. అయినా ఎత్తైన అర మీదే పెట్టండి, నీళ్లు వచ్చే చోటు అది. రెండో పంపు ఫ్లోట్ మొదటిదాని కంటే పైన ఉండాలి. రెండు గొట్టాలకూ విడివిడిగా చెక్ వాల్వ్ ఉండాలి, లేకపోతే ఒక పంపు తోడిన నీరు రెండోదాని గుండా మళ్లీ గుంటలోకే దిగుతుంది.

రోజుల తరబడి కరెంటు రాకపోతే ఏ బ్యాటరీ అయినా అయిపోతుంది. అప్పుడు దిక్కు జనరేటరే. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాన్ని గరాజులో గాని బేస్‌మెంట్‌లో గాని నడపకండి, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉంచండి.

పిల్లల సెలవులకు జూన్, జూలై నెలల్లో ఇండియా వెళ్లే కుటుంబాలకు ఒక మాట. మీ ఇల్లున్న చోట ఉరుముల వానలు ఎక్కువగా పడేది ఆ నెలల్లోనే. గుంటలో నీరు పెరిగిందని ఖాళీ ఇంట్లో అలారం మోగితే వినేవారు ఉండరు. వైఫై అలారం కూడా కరెంటు పోయి రూటర్ ఆగిందంటే మీకు కబురు పంపలేదు. ప్రయాణానికి వారం ముందు పెద్ద పంపు ప్లగ్ తీసి, గుంటలో బకెట్లతో నీళ్లు పోసి, రెండో పంపు దానంతట అది తిరిగి నీటిని బయటికి పంపుతోందో లేదో చూడండి. బ్యాటరీ కొన్న తేదీ దాని మీదే రాసి ఉంచండి. ఇంటి తాళం ఒకటి పక్కింటివాళ్లకు ఇచ్చి, గుంట ఎక్కడుందో చూపించి వెళ్లండి.